భోజనాల హాలు గడియారం

జనవరి 28

ఆరో సాక్షి కూడా గడియారం గురించే చెప్పాడు. నేను అడగనే లేదు. ఫోటో బల్ల మీద పెట్టి, రికార్డర్ మీట నొక్కి, "మీరంతా భోజనం చేసిన హాలు ఇదే కదండీ?" అన్నాను. అంతే. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని కిటికీ వెలుతురులోకి జరుపుకుని, గోడ మీది గడియారం దగ్గర వేలు ఆనించాడు. ముప్ఫై ఏళ్ళు మగ్గాలు బాగుచేసిన వేలు, గోరు సగం లేదు.

"ఇది కావాలని ముందు నడిచేది. రోజుకి రెండు నిమిషాలు మా భోజనంలోంచి కంపెనీ మింగేసేది. మేం ఊరుకున్నాం, ఏం చేస్తాం" అన్నాడు.

రెండు నిమిషాలు మింగిన గడియారం! పరాయి భాషలో వింటున్నా ఒళ్ళు పులకరించింది. మొదటి సాక్షి వాచ్‌మన్ తాత ప్రతి సోమవారం దానికి తానే కీ ఇచ్చేవాడినన్నాడు. మూడో ఆవిడకి పెళ్ళి మాట దాని కిందే కుదిరింది. నాలుగో ఆయన సమ్మె రోజున దాని ముళ్ళు ఆపేశామన్నాడు. నలభై ఏళ్ళ కిందట మూతపడ్డ బట్టల మిల్లు, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన మనుషులు, అందరి బుర్రల్లోనూ ఒకే గడియారం. థీసిస్ దానంతట అదే రాసుకుంటోంది, నేను టైపు చేసి పెడుతున్నాను.

గైడు మేడం రెండో అధ్యాయం పక్కన పెన్సిలుతో "బాగుంది" అని రాసింది. ఆవిడ నోటా చేతా ఆ మాట రావడం ఈ డిపార్టుమెంటులో ఎవరూ చూడలేదట. తొమ్మిదేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి, ముప్ఫై మూడో ఏట మళ్ళీ బెంచీ ఎక్కి, "వారసత్వం, జ్ఞాపకం" అని ఎంఏ చదవడానికి దేశంగాని దేశం వస్తానంటే నవ్విన స్టాఫ్‌రూమ్ మొత్తాన్ని తీసుకొచ్చి ఆ పెన్సిలు గీత చూపించాలని ఉంది.

ఫిబ్రవరి 2

అక్క ఫోన్. కోర్టుకి సెలవట. వకీలు కదా, సెలవు రోజున కూడా ఎవరినో ఒకరిని బోనెక్కించకపోతే తోచదు.

"ఆ ఫోటో ముందు చూపిస్తావా, వాళ్ళు చెప్పింది ముందు వింటావా?"

"ముందే చూపిస్తాను. చూస్తే నోరు తెరుచుకుంటుంది."

"మా కోర్టులో అయితే అవతలి వకీలు నిన్ను నంజుకు తినేవాడే."

"ఇది కోర్టు కాదక్కా."

"మరి సాక్షులు సాక్షులు అంటావేం?"

మాట మార్చేశాను. దానికి ప్రతిదీ కేసే. ఫోటో జ్ఞాపకాన్ని కదిలిస్తుందని మా పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పద్ధతి గురించి థీసిస్‌లో ఒక పేరా కూడా రాశాను.

ఫిబ్రవరి 11

ఏడో సాక్షి. ఎనభై ఒక్క ఏళ్ళు. కండెలు చుట్టే సెక్షన్లో ఇరవై ఆరేళ్ళు చేసింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఒక్కతే ఉంటుంది. తలుపు తీస్తూనే "బూట్లు తుడుచుకుని రా" అంది. గది అద్దంలా ఉంది. కిటికీ గట్టు మీద అయిదు పూలకుండీలు, వాటికి ఎండ సమంగా తగలాలని రోజుకొక వైపు తిప్పుతుందట. నేను చూస్తుండగానే తిప్పింది.

ఫోటో పెట్టాను. ఒక్క చూపు చూసి, తనది కాని ఉత్తరం వస్తే తోసేసినట్టు తోసేసింది.

"ఇది మా హాలు కాదు."

"కాదా అండీ?"

"కాదు. మా హాల్లో గడియారం లేదు."

తప్పు జవాబు చెప్పిన పిల్లాడికి ఇంకో అవకాశం ఇచ్చేటప్పుడు నేను ఒక నవ్వు నవ్వుతాను. అదే నవ్వాను. "కొంచెం నిదానంగా చూడండి బామ్మగారూ. మిగతావాళ్ళంతా దీని గురించే చెప్పారు."

"మిగతావాళ్ళ సంగతి మిగతావాళ్ళనే అడుగు. గోడకి గడియారం ఉంటే మాకు టైం తెలిసిపోదూ? అది తెలియకూడదనే కదా వాళ్ళ ఏడుపు. గంట కొడితే కూర్చునేవాళ్ళం, గంట కొడితే లేచేవాళ్ళం. చేతికి వాచీ పెట్టుకొస్తే గేటు దగ్గరే తీసేసుకునేవాళ్ళు."

వినడానికి బాగానే ఉంది గానీ దేనికీ అతకదు. గడియారం ఏ రంగు అంటే కాదంది, ఏ గోడ అంటే కాదంది. గంటలో పదకొండు కాదులు. కాదు బామ్మ అని పేరు పెట్టేశాను. నేను ఏ దేశం నుంచి వచ్చానో రెండుసార్లు అడిగింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి 13

కాదు బామ్మని పక్కన పెట్టాను. "జ్ఞాపకశక్తి సన్నగిల్లిన కారణంగా ఒక సాక్ష్యం పరిగణనలోకి తీసుకోలేదు" అని కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క. ఒకటిన్నర లైను.

ఫిబ్రవరి 14

బామ్మ సంతకం చేయాల్సిన కాగితం ఒకటి మిగిలిపోతే ఆవిడ కూతురికి ఫోన్ చేశాను. మందుల షాపు నడుపుతుంది, యాభై దాటి ఉంటాయి, మర్యాదస్తురాలు. అమ్మ బాగా మాట్లాడిందా అని అడిగింది. అందరికీ గుర్తున్నది ఆవిడకి గుర్తు లేదండీ, వయసు కదా అన్నాను. అంతే.

మార్చి 9

చివరి సాక్షి కూడా అయిపోయాడు. కాదు బామ్మని తీసేస్తే తొమ్మిదికి తొమ్మిది మంది. గడియారమే.

మార్చి 20

ఊరి మ్యూజియం వాళ్ళు పిలిచారు! మే 30న మిల్లు మీద ప్రదర్శన పెడుతున్నారు, నా థీసిస్ ఆధారంగా. మ్యూజియం మేనేజరు కాగితం మీద గుమ్మం గీసి, గుమ్మం పైన గుండ్రంగా ఒక సున్నా చుట్టింది. "మీ గడియారం ఇక్కడ" అంది. అచ్చం ఫోటోలో ఉన్నట్టే వడ్రంగితో చేయిస్తారట. ముళ్ళు పన్నెండున్నర దగ్గర ఆగి ఉంటాయి. సాక్షులందరినీ పిలిచి దాని కింద నిలబెట్టి ఫోటో తీస్తారట.

నా గడియారం. వినడానికి ఎంత బాగుందో.

ఏప్రిల్ 16

వడ్రంగి షెడ్డుకి వెళ్ళి చూసొచ్చాను. నా రెండు చేతులూ చాపినా అందనంత పెద్దది. ఆయన రంగు అడిగితే నలుపు అని తడుముకోకుండా చెప్పాను. ఫోటో నలుపూ తెలుపూ కదా, ఎలా చెప్పానో నాకే తెలియదు. అయినా నలుపే. నాకు తెలుసు.

ఏప్రిల్ 24

మ్యూజియంలో ఒక మూల సాక్షుల గొంతులు వినిపించాలని అడిగారు. ముక్కలు ఏరడానికి టేపులన్నీ మొదటినుంచీ వింటున్నాను.

అక్టోబరు టేపు ఒకటి ఉంది. వాచ్‌మన్ తాతతో నేను చేసిన మొట్టమొదటి ఇంటర్వ్యూ. అప్పటికి ఫోటో నాకు దొరకలేదు. వాళ్ళ భాష నాకు అప్పుడు అంతంతమాత్రం, తాత రైలు పరిగెత్తించినట్టు మాట్లాడాడు, సగం అర్థంకాక తల ఊపుతూ కూర్చున్నాను. పనికిరాని టేపు అని పేరు పెట్టి పక్కన పడేసి, డిసెంబరులో ఫోటో పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

ఇవాళ విన్నాను. ఇప్పుడు ప్రతి మాటా అర్థమవుతోంది.

"హాల్లో టైం ఎవడికి తెలుసమ్మా? గడియారం పాడూ ఏమీ లేదు. నా జేబులో ఉండేది ఒక్క వాచీ. నేను గంట కొడితేనే అందరూ లేవడం. అందుకే ఆడవాళ్ళంతా నన్ను మంచి చేసుకోవాలని చూసేవాళ్ళు, ఇంకో నిమిషం ఆగి కొట్టవయ్యా అని."

నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లూ అదే.

ఏప్రిల్ 25

తాతకి ఎనభై నాలుగు. అక్టోబరులో మరిచిపోయి ఉంటాడు, డిసెంబరులో ఫోటో చూసి గుర్తొచ్చి ఉంటుంది. ఫోటో ఉన్నది అందుకే.

ఏప్రిల్ 29

ఏమీ రాయాలని లేదు.

మే 3

నాలుగో అధ్యాయం పూర్తి. ముప్ఫై రెండు పేజీలు. నల్లేరు మీద బండిలా సాగింది.

మే 7

ప్రదర్శనకి పెద్ద సైజు ప్రింటు కావాలి, అసలు నెగెటివ్ కావాలంటే ఆర్కైవ్స్‌కి వెళ్ళాను. అక్కడి ఉద్యోగిని చేతికి తెల్ల తొడుగులు వేసుకుని కవరు తెచ్చింది. నాకు డిసెంబరులో ఇచ్చింది ప్రింటు మాత్రమే, మా మిల్లు పెట్టెలోనే దొరికింది. నెగెటివ్ కవరు మీద మాత్రం కంపెనీ వాళ్ళ చేతిరాతతో "రెండో మిల్లు, భోజనశాల" అని ఉంది. రెండో మిల్లు నది అవతల, ఇంకో ఊళ్ళో. ఇదే యజమాని, ఇవే బల్లలు, ఇవే కిటికీలు.

"అయ్యో, ప్రింటు పెట్టె మారినట్టుంది. ఇలా జరుగుతూనే ఉంటుంది లెండి" అందావిడ. నేను కూడా అవునండీ జరుగుతూనే ఉంటుంది అన్నాను. నవ్వాను కూడా. మెట్లు దిగాక అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

మే 8

రెండో మిల్లులో గడియారం ఉంది కాబట్టి మొదటి మిల్లులో లేదని రుజువేమీ లేదు. ఉండి ఉండవచ్చు.

మే 9

ఉండి ఉండవచ్చు.

మే 12

మందుల షాపు ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను:

"మీకు కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పబట్టే అమ్మ సంగతి ముందుగా తెలుసుకోగలిగాం. డాక్టరు కూడా జాగ్రత్తగా చూసుకోమన్నారు. అమ్మని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. కొంచెం మారాం చేస్తోంది, అలవాటవుతుంది. ఆవిడ ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేసి అప్పగించేస్తున్నాం. మీ చదువు బాగా సాగాలని కోరుకుంటున్నాను."

ఫిబ్రవరి 14 పేజీ తీసి చూశాను. "వయసు కదా అన్నాను. అంతే" అని రాసి ఉంది. అంతే కాదు. నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను.

నేను అన్నది ఇది: "ఆరుగురికి కళ్ళకి కట్టినట్టున్నది ఆవిడకి బొత్తిగా గుర్తులేదండీ. నేను ఏ దేశమో రెండుసార్లు అడిగారు. మూడంతస్తులెక్కి ఒంటరిగా ఉంటున్నారు, ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిదేమో. ఇది నా సబ్జెక్టే కదా, అందుకని చెబుతున్నాను." నా సబ్జెక్టట! కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, పెద్దమనిషి పని చేశానని మురిసిపోయి ఫోన్ పెట్టేశాను. ఏ దేశమో ఆవిడ రెండోసారి అడగడానికి కారణం మొదటిసారి నా జవాబు ఎవరికీ అర్థమయ్యేలా లేకపోవడం.

మే 13

అక్కకి చెప్పాను. మొత్తం. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అది ఇంకా ఘోరం.

"తొమ్మిదిమందీ అబద్ధం చెప్పారంటావా?" అని అడిగాను.

"అబద్ధం ఎందుకవుతుంది? నువ్వు ఎదురుగా పెట్టావు, నమ్మారు. పైగా పిల్ల అంత దూరం నుంచి వచ్చింది, కష్టపడి భాష నేర్చుకుని అడుగుతోంది, కాదంటే చిన్నబుచ్చుకుంటుందని కూడా అనుకుని ఉంటారు. అసలు ఆ ఫోటో నీకెందుకే అంత అవసరమైంది?"

చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. భయం. అక్టోబరులో తాత మాట్లాడుతుంటే ఏ మాటా చేతికి చిక్కక, తొమ్మిదేళ్ళు బోర్డు ముందు నిలబడినదాన్ని, దద్దమ్మలా కూర్చున్నాను. ఫోటో ఉంటే వాళ్ళ మాట ఆ నాలుగు గోడలు దాటిపోదు. బల్ల, బెంచీ, కిటికీ, గడియారం. ఆ మాటలన్నీ నాకు వచ్చు. సాక్షుల నోరు తెరవడానికని కాదు, వాళ్ళ మాటలకి కంచె కట్టడానికి పెట్టాను ఆ ఫోటో.

కాదు బామ్మ ఒక్కతే కంచె తోసేసింది.

మే 14

గైడు మేడం గదికి వెళ్ళి తాత అక్టోబరు టేపూ, బామ్మ టేపూ వినిపించాను, నెగెటివ్ కవరు నకలు ముందు పెట్టాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి విన్నది.

నేను ఊరుకోలేకపోయాను. "మేడం, దీన్నే థీసిస్ చేయవచ్చు. లేని గడియారం తొమ్మిది మందికి ఎలా గుర్తొచ్చిందో రాస్తే ఇంకా గొప్పగా ఉంటుంది. నిజానికి ఇది మొదటిదానికంటే..."

"ఆగు" అంది. "ఇల్లు కాలి ఇంకా పొగ కూడా ఆరలేదు, అప్పుడే బొగ్గులు ఏరుకుంటున్నావా? ముందు ఆ పదిమంది దగ్గరికీ వెళ్ళు. చెప్పు. తర్వాత ఏం రాయాలో ఆలోచిద్దాం. ఆరు వారాలు గడువు ఇప్పిస్తాను. ఈ ఏడు ఫస్టు రావడం మాత్రం మరిచిపో."

టేపులు సంచీలో పడేసుకుని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది.

"నువ్వు దాచిపెట్టి ఉంటే నాకు తెలిసేది కాదు. అది కూడా గుర్తుపెట్టుకో."

మే 17

ముందు వాచ్‌మన్ తాత. తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. అక్టోబరు టేపు పెట్టాను. తన గొంతు తాను విని కడుపుబ్బ నవ్వాడు. ఆడవాళ్ళు ఇంకో నిమిషం అడిగేవాళ్ళన్న చోట కళ్ళు తుడుచుకున్నాడు.

"అవునవును, గంట నేనే కొట్టేవాణ్ణి."

"మరి గడియారం, తాతగారూ?"

"గడియారానికి కీ కూడా నేనే ఇచ్చేవాణ్ణి."

"లేదని మీరే అంటున్నారు కదండీ టేపులో. ఫోటో వేరే మిల్లుది."

టేపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వు పోయింది. "నాకు కనిపిస్తోందమ్మా. నిచ్చెన వేసుకుని ఎక్కేవాణ్ణి. ఆ నిచ్చెన మెట్టు ఒకటి కదిలేది. ఇప్పుడు దాన్నెలా తీసేయమంటావు?"

తీయలేను. పెట్టడం అయిదు నిమిషాల పని, తీయడం నా వల్ల కాదు. వచ్చేటప్పుడు నాకే ధైర్యం చెప్పి పంపాడు.

మే 20

మిగతా ఎనిమిది మందికీ చెప్పేశాను. ఇద్దరు నవ్వారు, ఒకాయన ముఖం మీదే తలుపేశాడు. పెళ్ళి మాట కుదిరినావిడ మాత్రం గడియారం లేకపోయినా పెళ్ళయితే అయింది కదా అంది. మ్యూజియం మేనేజరు దుమ్మెత్తి పోసింది, పోయించుకున్నాను. గుమ్మం మీదికి గడియారం ఎక్కదు. గంట దొరుకుతుందేమో చూస్తామన్నారు.

అక్కకి ఇదంతా గొప్పగా చెప్పాను. నా తప్పు నేనే ఒప్పుకుని తలెత్తుకు తిరుగుతున్నాను అన్నాను.

"అందరికీ చెప్పావు, చెప్పాల్సినవాళ్ళకి తప్ప" అంది.

మే 22

రేపు వెళతాను.

మే 23

వాన. వెళ్ళలేదు. వాన పెద్దదేమీ కాదు.

మే 24

పొద్దున్నే వెళ్ళాను. మందుల షాపు పక్క సందులో ఇంటి తలుపు. కూతురు తీసింది, నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చెప్పబట్టే..." అని మొదలుపెట్టింది. లోపల కూర్చుంటే మాట మెత్తబడిపోతుందని గుమ్మంలోనే చెప్పేశాను.

"నేను చెప్పింది తప్పండీ. మీ అమ్మగారు చెప్పిందే నిజం. నేను వేరే మిల్లు ఫోటో పట్టుకుని తిరిగాను. మిగతా తొమ్మిది మందికీ గుర్తొచ్చింది నేను చూపించిన బొమ్మ. పదిమందిలో మిల్లు గుర్తున్నది మీ అమ్మగారికొక్కరికే."

ఆవిడ నా చేతులు వదిలేసింది. "డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్ష చేశారు కదా. ముప్ఫైకి ఇరవై అయిదే వచ్చాయి."

"డాక్టరుకి మీరేమని చెప్పారు?"

"మీరు చెప్పిందే చెప్పాను" అంది. అని, గోడకి ఆనుకుంది.

"ఆవిడకి ఏ జబ్బూ లేదని నేను చెప్పలేనండీ, నేను డాక్టర్ని కాను. అప్పుడు కూడా కాను. మీకు నేనిచ్చిన కారణం మాత్రం పూర్తిగా అబద్ధం."

"ఆ ఇంట్లోంచి తీసుకొచ్చేటప్పుడు అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు" అంది ఆవిడ. "జీవితంలో మొదటిసారి నాతో వాదించలేదు. జబ్బు ముదిరిందనుకున్నాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి దారి ఇచ్చింది.

బామ్మ వెనక గదిలో కుర్చీలో కూర్చుని నోట్‌బుక్‌లో ఏదో రాస్తోంది. రోజూ తారీఖూ వారం రాయాలట, పొద్దున ఏం తిన్నదో కూడా. కిటికీ లేదు ఆ గదికి. నన్ను చూసి గబగబా లేచింది. తడబడి కుర్చీ పట్టుకుంది.

"వచ్చావా అమ్మాయ్! నీకోసమే చూస్తున్నాను. నాకు గుర్తొచ్చింది. గడియారం ఉంది. గోడ మీద, పెద్దది, గుండ్రంగా. నాకు బాగా గుర్తుంది. ఈ సంగతి మా అమ్మాయితో చెప్పు. నన్ను ఇంటికి పంపించమను."

ఆ క్షణంలో నేను పడ్డ సిగ్గు నా జన్మలో పడలేదు. ఆవిడ ఇంటి కోసం నా గడియారాన్ని ఒప్పుకుంటోంది.

"గడియారం లేదు బామ్మగారూ."

"ఉందంటున్నాను కదా! పన్నెండున్నరకి అందరం దాని కింద..." పాఠం అప్పజెప్పే పిల్లలా ఆగిపోయి వెతుక్కుంది.

"లేదండీ. మీరే కరెక్టు. నేనే తప్పు ఫోటో తెచ్చాను."

"నన్ను సముదాయించడానికి అంటున్నావు. ఇప్పుడు అందరూ అంతే. ఏం చెప్పినా సరే సరే అంటారు."

రికార్డర్ తీసి ఫిబ్రవరి టేపు పెట్టాను. కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. నా గొంతు విసుగ్గా, తీపిగా, పిల్లలతో మాట్లాడినట్టు. దానికి ఎదురు ఆవిడ గొంతు, రాయిలా. మా హాల్లో గడియారం లేదు. గంట కొడితే కూర్చునేవాళ్ళం, గంట కొడితే లేచేవాళ్ళం. చేతికి వాచీ పెట్టుకొస్తే గేటు దగ్గరే తీసేసుకునేవాళ్ళు.

బామ్మ కళ్ళు మూసుకుని వింది. పదకొండు కాదులూ వింది. టేపు ఆగాక, "ఆ వాచీ మా నాన్నది" అంది. "చచ్చిపోయేముందు నాకిచ్చాడు. గేటు దగ్గర తీసుకున్నవాడు సాయంత్రం ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. ఇది నేనెవరికీ చెప్పలేదు. నువ్వు రాసుకుంటావా?"

"రాసుకుంటానండీ."

"ఫోటోలేమైనా తెచ్చావా?"

"ఏమీ తేలేదు."

"అయితే కూర్చో."

గంటా నలభై నిమిషాలు మాట్లాడింది. నేను "తర్వాత?" తప్ప ఏమీ అనలేదు. సగం మాటలు నాకు కొత్తవి, అడిగితే విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. మధ్యలో కూతురు నేల మీద కూర్చుంది, షాపు తెరిచే వేళ దాటిపోయినా లేవలేదు. బామ్మ వాళ్ళ నాన్న వాచీ సంగతి కూతురికీ తెలియదట.

చెప్పడం అయిపోయాక బామ్మ ఆ తారీఖుల నోట్‌బుక్ మూసి కూతురి చేతిలో పెట్టింది. "నా ఇంటి తాళం ఇలా ఇవ్వు" అంది.

కూతురు నా వైపు చూసింది.

"నా వైపు చూడకండి. ఆవిడ గురించి నేనింక ఎవరికీ ఏమీ చెప్పను" అన్నాను.

"ఆ మెట్లన్నీ ఎక్కాలి కదమ్మా" అంది కూతురు. ఆ గొంతులో బతిమాలడమే ఉంది.

"నలభై ఎనిమిది మెట్లు. లెక్క తప్పితే అప్పుడు తీసుకెళ్ళు డాక్టరు దగ్గరికి."

కూతురు లోపలికి వెళ్ళి తాళం తెచ్చింది. బట్టల సంచీ నేను పట్టుకున్నాను. ఆ మూడో అంతస్తు ఇంటి మెట్ల దగ్గర కూతురు చెయ్యి పట్టుకోబోతే బామ్మ విదిలించుకుని గోడ పట్టుకుంది. ముందు ఆవిడ, వెనక కూతురు, ఆ వెనక నేను. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కాం.

నేను మెట్లు లెక్కపెట్టలేదు. ఆవిడ చెప్పింది కదా.